ముగ్గురాయి మింగి కక్కిన గాలి

నల్ల సిలిండర్ మెడ మీద చిన్న చిన్న అంకెలు గుద్ది ఉంటాయి. ఖాళీ బరువెంత, లోపల ఎన్ని లీటర్ల నీళ్లు పడతాయి, ఆఖరుసారి ఏ నెలలో పరీక్ష పెట్టారు, అన్నీ అక్కడే. ఎనుమాముల మార్కెట్ రోడ్డులో వెల్డింగ్ షాపు పెట్టుకున్నప్పటి నుంచి బండి దిగే ప్రతి సిలిండర్ మెడా నేనే చూసి దింపించుకుంటాను. బీఎస్సీ కెమిస్ట్రీ చదివి ఇనుము కోసే పనిలోకి వచ్చినవాణ్ని. ‘చదివిన చదువంతా బుగ్గిపాలు చేసుకున్నడు’ అని మా చుట్టాలు ఇప్పటికీ అంటుంటారు. వాళ్లతో వాదం పెట్టుకోను గానీ, కాలేజీలో మా సారు అర పేజీ నోట్సుతో ముగించిన ఒక పాత పద్ధతిలోంచే నా వ్యాపారమంతా పుట్టుకొచ్చింది. దాని పేరు బ్రిన్ పద్ధతి. ఇవాళ ప్రపంచంలో ఎక్కడా ఆ పద్ధతిలో ఆక్సిజన్ తీయరు. అయినా అది పూర్తిగా పోయిందంటే నేను ఒప్పుకోను.

ఎనుమాముల అంటే బయటివాళ్లకు మిర్చి ఘాటు, పత్తి బస్తాలు, పొద్దున్నే జెండా పాట. ఆసియాలో రెండో పెద్ద మార్కెట్ అని మావాళ్లు గొప్పగా చెప్పుకుంటారు. మాకు మటుకు ఎనుమాముల అంటే విరిగిన ట్రాలీ డాలా, వంగిన యాక్సిలు, జిన్నింగ్ మిల్లు నుంచి వచ్చే అరిగిన షాఫ్టు, కోల్డ్ స్టోరేజీ వాళ్లు మార్చమనే ర్యాకులు. తేజ మిర్చి దిగే నెలల్లో తుమ్ముతూనే వెల్డింగ్ చేస్తాం. హమాలీల బండి చక్రం ఊడితే దాన్ని ముందు సరిచేయాలి, లేకపోతే దాని వెనక లైనంతా ఆగుతుంది. ఇన్ని పనుల్లో సగానికి నల్ల సిలిండర్ కావాలి.

గ్యాస్ కటింగ్ చూసేవాళ్లు ఇనుము కరిగి కారుతోందనుకుంటారు. కరగడం కాదది, కాలడం. టార్చి సన్న మంటతో ప్లేటు అంచును ముందు వేడెక్కిస్తాం. ఎరుపు దాటి పసుపులోకి తిరుగుతున్నప్పుడు లీవర్ నొక్కితే నాజిల్ మధ్య రంధ్రంలోంచి ఉత్త ఆక్సిజన్ దూసుకొస్తుంది. అప్పుడు ఇనుమే అంటుకుంటుంది. ఎండుకట్టె మండినట్టు తన వేడితో తానే మండుతూ, చిట్టెమై కింద రాలిపోతుంది. అందుకే బీడు ఇలా శుభ్రంగా తెగదు, స్టెయిన్‌లెస్ స్టీలు అసలు తెగదు. దాని మీద క్రోమియం పొర ఆ మంటను సాగనివ్వదు. టార్చి ఎంత మంచిదైనా, చెయ్యి ఎంత నిలకడదైనా, పని చేసేది మాత్రం ఆ గాలి. షాపులో పని నేర్చుకునే పోరగాడు ఒకసారి అడిగాడు: ‘‘అన్నా, ఇది గాలిల ఉన్నదే గదనే. మరి గాలిలకెళ్లి ముందుగాల ఎవలు తీసిన్రు?’’ మంచి ప్రశ్న. కనిపెట్టినవాళ్ల పేర్లు బడి పుస్తకాల్లో ఉన్నాయి. గాలిలోంచి తీసి అమ్మినవాళ్ల పేర్లు లేవు.

కనిపెట్టడం గురించి ఎక్కువ చెప్పను. ఇంగ్లండ్‌లో జోసెఫ్ ప్రీస్ట్‌లీ 1774 ఆగస్టు 1న పెద్ద భూతద్దంతో ఎండను ఎర్రటి పాదరసం భస్మం మీద పడేలా చేసి ఆక్సిజన్ పట్టాడు. స్వీడన్ మందుల దుకాణంలో పనిచేసే షీలే అంతకు రెండుమూడేళ్ల ముందే సురేకారాన్నీ, నల్ల మాంగనీసు రాయినీ కాల్చి అదే వాయువు తీశాడు. పుస్తకం 1777 దాకా బయటికి రాకపోవడంతో పేరు వెనకబడింది. పారిస్‌లో లవోయిజే దానికి పేరు పెట్టి, మంట అంటే ఏమిటో తేల్చాడు. ప్రీస్ట్‌లీ, షీలే గాలిలోంచి తీయలేదు. ఏదో ఒక పదార్థంలో బందీగా ఉన్న ఆక్సిజన్‌ను కాల్చి బయటికి రప్పించారు. ఆ పదార్థం అయిపోతే మళ్లీ కొనుక్కోవాల్సిందే.

షీలే వాడిన మాంగనీసు రాయి మనకు కొత్తదేమీ కాదు. విజయనగరం వైపు చీపురుపల్లి, గరివిడి చుట్టుపక్కల నేలంతా అదే. ఈ దేశంలో మాంగనీసు తవ్వకం 1892 ప్రాంతంలో అక్కడి కోడూరు గనితోనే మొదలైంది. కాకపోతే ఆ రాయి ఆక్సిజన్ కోసం కాదు, ఓడలెక్కి ఉక్కు కొలుముల్లోకి పోయింది.

మా ఇంటర్ ల్యాబులో చేసిన ప్రయోగం మీలో చాలామంది చేసే ఉంటారు. గట్టి గాజు పరీక్షనాళికలో పొటాషియం క్లోరేటు, దానికి తోడు చిటికెడు మాంగనీస్ డయాక్సైడు. కింద బర్నరు. గొట్టం వెళ్లి నీళ్ల తొట్టిలో బోర్లించిన జాడీ కింద బుడగలు వదులుతుంది. నిప్పు కణం మాత్రమే మిగిలిన పుల్లను జాడీలో పెడితే భగ్గుమంటుంది. పిల్లల ప్రయోగం అని నవ్వుకోవద్దు. 1885 మార్చిలో అమెరికాలోని పెన్సిల్వేనియాలో, యార్క్ అనే ఊళ్లో, జార్జ్ హోల్ట్‌జాపిల్ అనే కుర్ర డాక్టరు న్యుమోనియాతో ఊపిరాడని పదహారేళ్ల అబ్బాయి మంచం పక్కనే అచ్చం ఇదే చేశాడు. స్పిరిట్ దీపం మీద క్లోరేటూ మాంగనీసూ కాల్చి, వచ్చిన వాయువును బకెట్ నీళ్లలోంచి బుడగలుగా వదిలి, ఆ అబ్బాయి పీల్చే గాలిలో కలిపాడు. అబ్బాయి బతికాడు.

కానీ క్లోరేటు ఖరీదు. కాలిన క్లోరేటు మళ్లీ పనికిరాదు. లెక్క తెలిసిన ఏ షావుకారైనా అడిగేది ఒకటే: గాలి ఉచితం కదా, దానిలోంచే ఎందుకు తీయకూడదు? గాలిలోంచి తీయాలంటే ఆక్సిజన్‌ను మాత్రమే పట్టుకుని, అడిగినప్పుడు వదిలేసి, మళ్లీ పట్టుకోవడానికి సిద్ధంగా ఉండే వస్తువు కావాలి. ఆ వస్తువు బేరియం.

బేరియం దొరికేది ఎక్కువగా బెరైటీసు రాయిలో. మనవాళ్లు దాన్ని ముగ్గురాయి అంటారు. తెల్లగా, బూడిదరంగులో ఉంటుంది. చేతిలోకి తీసుకుంటే కళ్లు అంచనా వేసిన దానికంటే చెయ్యి బాగా కిందికి దిగుతుంది. నీటికి నాలుగింతలకు పైగా బరువు. ప్రపంచంలో ఒకే చోట ఉన్న అతి పెద్ద ముగ్గురాయి నిల్వ పాత కడప జిల్లాలో, రైల్వే కోడూరు దగ్గరి మంగంపేటలో ఉంది. ఆంధ్రప్రదేశ్ ఖనిజాభివృద్ధి సంస్థ దాన్ని తవ్వుతుంది. ఇప్పుడు ఆ రాయిలో చాలా భాగం పొడై చమురు బావుల్లోకి పోతుంది. బావి తవ్వేటప్పుడు లోపలి ఒత్తిడికి చమురు ఎగదన్నకుండా ఉండాలంటే బరువైన బురద పోయాలి. ఆ బరువు ముగ్గురాయిదే. బ్రిన్ సోదరులు వాడింది మన మంగంపేట రాయి అని చెప్పుకోవడానికి లేదు. ఇంగ్లండ్‌లోనూ బేరియం గనులు ఉన్నాయి, వాళ్లకు కడప దాకా రావాల్సిన పని పడలేదు.

1811లో ఫ్రాన్సులో గే లుసాక్, థెనార్ అనే ఇద్దరు ఒక సంగతి గమనించారు. బేరియం ఆక్సైడును గాలి తగిలేలా ఓ మోస్తరు ఎరుపు వచ్చేదాకా, అంటే 500 నుంచి 600 డిగ్రీల దాకా వేడి చేస్తే అది గాలిలోని ఆక్సిజన్‌ను మింగి బేరియం పెరాక్సైడు అవుతుంది. మంట పెంచి 800 డిగ్రీలు దాటిస్తే మింగిందంతా కక్కేసి మళ్లీ మొదటి ఆక్సైడుగా మిగులుతుంది. చల్లారిస్తే మళ్లీ మింగుతుంది. ఖర్చయ్యేది నిప్పు ఒక్కటే. కాగితం మీద ఇంతకంటే లాభసాటి బేరం ఉండదు.

కాగితం మీది బేరం కొలిమిలో నిలవలేదు. 1851లో బుసింగో అనే శాస్త్రవేత్త దీన్ని నిజంగా పని చేయించాలని చూశాడు. ఈయన గురించి మా మార్కెట్ వాళ్లకు ఒక మాట చెప్పాలి. కంది, పెసర లాంటి పప్పుజాతి పంటలు వేసిన నేలకు నత్రజని బలం వస్తుందని పొలంలో తూకాలు వేసి లెక్కలతో చూపించిన తొలివాళ్లలో ఈయన ఒకడు. పొలం, ప్రయోగశాల రెండూ తెలిసిన మనిషి. ఆయన చేతిలో బేరియం మొదట బ్రహ్మాండంగా పని చేసింది. కొన్ని సార్లు మింగి, కక్కాక మొండికేసింది. ఎంత కాల్చినా మునుపటిలా ఆక్సిజన్ పట్టదు. కారణం గాలిలోనే ఉంది. గాలిలో ఉండే కాసింత బొగ్గుపులుసు వాయువు బేరియంతో కలిసి కార్బొనేటుగా గట్టిపడుతుంది. ఆ కార్బొనేటు ఆ వేడికి విడిపోదు. తిరిగిన ప్రతిసారీ కొంచెం కొంచెం బేరియం ఇలా చచ్చుపడుతూ పోయింది.

బుసింగో దగ్గర చదువుకున్న అన్నదమ్ములు ఇద్దరు, ఆర్థర్ బ్రిన్, లియోన్ క్వెంటిన్ బ్రిన్, గురువుగారు వదిలేసిన పనిని పట్టుకున్నారు. 1880లో పేటెంటు తీసుకున్నారు. వాళ్లు చేసినవాటిలో రెండు మార్పులు ముఖ్యమైనవి.

మొదటిది, గాలిని కడగడం. సున్నం, కాస్టిక్ సోడా మీదుగా పోనిచ్చి బొగ్గుపులుసు వాయువునూ, తేమనూ ముందే తీసేశారు. బేరియం ఆక్సైడును కూడా బేరియం నైట్రేటు కాల్చి, లోపల సన్నటి బొరియలతో గుల్లగా ఉండేలా చేసుకున్నారు. దాంతో గాలి ముద్ద లోపలికంతా వెళ్లగలిగింది, ముద్ద త్వరగా చావలేదు.

రెండోదే నాకు ఎప్పటికీ ఆశ్చర్యం. మింగించడానికి ఒక వేడి, కక్కించడానికి ఇంకో వేడి అన్నారు కదా పాతవాళ్లు. పెద్ద ఉక్కు గొట్టాలను రోజుకు ఎన్నోసార్లు ఎక్కువ కాల్చి, మళ్లీ చల్లార్చడమంటే బొగ్గు దండుగ, టైము దండుగ, గొట్టాలు పగుళ్లు తీస్తాయి. కొలిమి దగ్గర పనిచేసిన ఎవరికైనా ఇది తెలుసు: ఇనుమును చంపేది వేడి కంటే వేడీ చల్లా మార్పు. పద్ధతి కుదురుకున్నాక వేడిని మార్చడం మానేశారు. గొట్టాలు ఎప్పుడూ 700 డిగ్రీల ఒక్క వేడి మీదే. మార్చింది ఒత్తిడిని. పంపుతో గాలిని ఒత్తిడి మీద లోపలికి తోస్తే బేరియం ఆక్సిజన్ మింగుతుంది. మిగిలిన నత్రజని బయటికి పోతుంది. తర్వాత అదే పంపును తిప్పి గొట్టంలో శూన్యం లాగితే మింగింది కక్కుతుంది. ఆ కక్కిందే ఆక్సిజన్, నూటికి తొంభై పాళ్లకు పైగా స్వచ్ఛం. మళ్లీ గాలి, మళ్లీ శూన్యం. గంటల పని నిమిషాల్లోకి వచ్చింది. కవాటాలు వాటంతటవే తిరిగేలా ఇంగ్లండ్‌లో కె.ఎస్. మర్రే అనే ఇంజినీరు యంత్రం అమర్చాడు.

దీని పరిమాణం ఎంతో చూద్దామని ఒకరోజు చిట్టా పుస్తకం వెనక లెక్క వేశాను. కిలో బేరియం ఆక్సైడు పూర్తిగా, ఒక్క రేణువు వదలకుండా పని చేస్తే ఒక్క తిప్పుకు 73 లీటర్ల ఆక్సిజన్ ఇస్తుంది. మా షాపుకు వచ్చే పెద్ద సిలిండర్‌లో పట్టేది 7 ఘనపు మీటర్లు. అంటే ఒక్క సిలిండర్ ఒకే తిప్పులో నింపాలంటే 95 కిలోల పైచిలుకు బేరియం ఆక్సైడు, మా యార్డు లెక్కలో రెండు బస్తాల మిర్చి బరువు, ఎర్రగా కాలుతూ కూర్చోవాలి. నిజానికి ముద్దలో కొంత భాగమే పని చేస్తుంది కాబట్టి ఇంకా ఎన్నో రెట్లు కావాలి, లేదా అదే ముద్ద ఎన్నోసార్లు తిరగాలి. అందుకే ఆ తిప్పు ఎంత త్వరగా అయితే అంత లాభం.

1885లో లండన్ ఆవిష్కరణల ప్రదర్శనలో బ్రిన్ సోదరులు యంత్రం పెట్టారు. అది చూసిన హెన్రీ షార్ప్ అనే వ్యాపారి డబ్బు పెట్టడానికి ముందుకొచ్చాడు. 1886 జనవరిలో బ్రిన్ ఆక్సిజన్ కంపెనీ పుట్టింది.   

కొన్నదెవరు అంటే, ఆసుపత్రులు కాదు, ఇనుము పనివాళ్లూ కాదు. నాటకాల వాళ్లు. సున్నపు ముక్క మీద ఆక్సిజన్, హైడ్రోజన్ కలిసిన మంట పడితే అది కళ్లు జిగేల్‌మనేంత తెల్లగా వెలుగుతుంది. థామస్ డ్రమండ్ 1820లలో ఐర్లండ్ సర్వేలో కొండ మీది నుంచి కొండకు గుర్తు చూపడానికి దాన్ని వాడాడు. తర్వాత 1837లో లండన్‌లోని కోవెంట్ గార్డెన్ నాటకశాలకు వచ్చింది. హీరో మీద గుండ్రటి వెలుగు పడడం అక్కడ మొదలైంది. దానికి కావలసిన ఆక్సిజన్‌ను దీపగాడు తెర వెనక క్లోరేటు కాల్చి, రబ్బరు సంచుల్లో పట్టి, సంచి మీద బరువులు పెట్టి నడిపేవాడు. ప్రమాదాలు జరిగాయంటే వింతేముంది. బ్రిన్ కంపెనీ ఉక్కు సిలిండర్‌లో వంద వాతావరణాలు దాటిన ఒత్తిడి మీద ఆక్సిజన్ బిగించి, రైలెక్కించి పంపడం మొదలెట్టాక దీపగాడి పని తేలికైంది. మన సురభి నాటకాలు కడప సీమలో 1885లో మొదలయ్యాయి. అదే కాలంలో లండన్ రంగస్థలం మీద వెలుగు పడిందంటే దాని వెనక ముగ్గురాయి ఉంది.

     

బ్రిన్ పద్ధతిని దెబ్బ తీసింది చలి. 1895లో జర్మనీలో కార్ల్ లిండె, ఇంగ్లండ్‌లో విలియం హాంప్సన్ గాలిని నొక్కి, వ్యాకోచింపజేసి, చల్లబరిచి ద్రవంగా మార్చే యంత్రాలు చేశారు. ద్రవ గాలిలో నత్రజని మైనస్ 196 డిగ్రీల దగ్గర మరుగుతుంది, ఆక్సిజన్ మైనస్ 183 దగ్గర. ఆ 13 డిగ్రీల తేడా మీద రెంటినీ విడదీయొచ్చు. కొలిమి లేదు, ముగ్గురాయి లేదు, స్వచ్ఛత 99 దాటుతుంది. బ్రిన్ కంపెనీ మొండిగా కూర్చోలేదు. లిండె పేటెంట్ల మీద ఒప్పందం చేసుకుని, 1906లో పేరు బ్రిటిష్ ఆక్సిజన్ కంపెనీగా మార్చుకుంది. కొద్ది ఏళ్లలోనే బేరియం గొట్టాలు చల్లారాయి. వంద సంవత్సరాల తర్వాత, 2006లో, లిండె కంపెనీయే ఆ బ్రిటిష్ కంపెనీని మొత్తంగా కొనేసింది.

చాలామంది ఖర్చు తగ్గడం వల్లే లిండె గెలిచాడంటారు. అది సగమే. రెండో సగం మా వృత్తి. 1895లో లె షాతెలియే అనే ఫ్రెంచి శాస్త్రవేత్త ఎసిటిలీన్‌ను ఆక్సిజన్‌తో మండిస్తే 3000 డిగ్రీలు దాటుతుందని చూపించాడు. మరి కొద్ది ఏళ్లకు, 1903 నాటికి, ఫూషే, పికార్ అనే ఇద్దరు చేతిలో పట్టే టార్చి చేశారు. వెంటనే ఇనుము కోసే నాజిల్ వచ్చింది. అంతకుముందు ప్లేటు కోయాలంటే ఉలి, సమ్మెట, లేదా రంపం. మన కోనసముద్రం కమ్మరులు డమాస్కస్ కత్తులకు ఉక్కు పంపిన రోజుల్లోనూ అంతే. తిత్తి ఎంత ఊదినా పోయేది గాలే. అందులో అయిదింట నాలుగు వంతులు నత్రజని, వేడి తినడానికి తప్ప దేనికీ పనికిరాదు. ఇక కటింగుకు స్వచ్ఛత ప్రాణం. 99.5 శాతం ఉంటే కోత గీత గీసినట్టు వస్తుంది. ఒకటి రెండు శాతం తగ్గితే వేగం పడిపోతుంది, చిట్టెం అంచుకు అంటుకుపోతుంది, మళ్లీ గ్రైండర్ పెట్టాలి. నాటక దీపానికి బ్రిన్ గాలి చాలింది. ఇనుము కోసేవాడికి చాలలేదు.

మన దేశంలో ఈ వ్యాపారం పెద్దగా నిలదొక్కుకున్నది 1935లో కలకత్తాలో పుట్టిన ఇండియన్ ఆక్సిజన్ అండ్ ఎసిటిలీన్ కంపెనీతో. బ్రిటిష్ ఆక్సిజన్ కంపెనీకి పిల్ల కంపెనీ అది. వరంగల్‌లో ఆజంజాహి మిల్లు మొదలైంది 1934లో. మిల్లులు, రైల్వే షెడ్లు వచ్చినచోటికి వెల్డింగ్ వచ్చింది. నేను పని నేర్చుకునేనాటికి వరంగల్ షెడ్లలో ఆక్సిజన్ సిలిండర్‌లో వచ్చేది గానీ ఎసిటిలీన్ మాత్రం షెడ్డులోనే పుట్టేది. కార్బైడ్ ట్యాంకు అని ఉండేది. కార్బైడ్ రాళ్ల మీద నీళ్లు పడితే గ్యాస్ బుడబుడ పైకి వచ్చేది. వెల్లుల్లి కుళ్లినట్టు వాసన. సాయంత్రం ట్యాంకు కడిగితే తెల్లటి సున్నపు బురద. దాన్ని గోడలకు వేసేవాళ్లూ ఉన్నారు. మామిడికాయలు మగ్గబెట్టేవాళ్లు వచ్చి ఒక రాయి ఇమ్మని అడిగేవాళ్లు. అది నిషేధమని తెలిసీ అడిగేవాళ్లు. తర్వాత మెరూన్ రంగు ఎసిటిలీన్ సిలిండర్లు వచ్చి ట్యాంకులు పోయాయి. ఇప్పుడు కటింగుకు చాలామంది ఎల్పీజీయే వాడుతున్నారు. ఆక్సిజన్ మాత్రం మారలేదు. ఆక్సిజన్‌ది కుడి మర, ఎసిటిలీన్‌ది ఎడమ మర, తెలియక కూడా ఒకదానికి ఇంకోటి బిగించలేరు. నల్ల సిలిండర్ రెగ్యులేటర్‌కు నూనె చుక్క తగలనివ్వం. ఒత్తిడి మీది ఆక్సిజన్‌లో నూనె నిప్పు లేకుండానే అంటుకుంటుంది.

ఇంకో సంగతీ మారలేదు. గ్యాస్ అమ్ముతారు, సిలిండర్ అమ్మరు. సిలిండర్ ఎప్పుడూ వాళ్లదే. ఎక్కువ రోజులు ఉంచుకుంటే అద్దె పడుతుంది. మొదట్లో నాకూ ఇది దోపిడీ అనిపించేది. కానీ 150 కిలోల ఒత్తిడి మీద ఉన్న ఉక్కును అయిదేళ్లకోసారి నీళ్లతో పరీక్ష పెట్టి బాధ్యత మోసేదెవరు? సిలిండర్ ఎవరిదైతే వాళ్లే. ఈ ఏర్పాటు లేకపోతే ఎనుమాములలో నాలాంటి చిన్న షాపు ఆక్సిజన్ ముఖం చూసేది కాదు.

2021 ఏప్రిల్ వచ్చింది. కరోనా రెండో విడత. విశాఖ ఉక్కు కర్మాగారం నుంచి ఏప్రిల్ 22 రాత్రి ఏడు ట్యాంకర్ల ద్రవ ఆక్సిజన్‌తో తొలి ఆక్సిజన్ రైలు మహారాష్ట్రకు బయలుదేరింది. మరునాడు బేగంపేట నుంచి ఖాళీ ట్యాంకర్లు విమానాల్లో భువనేశ్వర్ వెళ్లాయి. పరిశ్రమలకు ఆక్సిజన్ ఇవ్వొద్దని ఢిల్లీ నుంచి ఉత్తర్వు. మా షాపుల్లో కటింగ్ ఆగిపోయింది. ఆగాల్సిందే. ఎవరెవరో ఫోన్ చేసి ‘‘అన్నా, ఒక్క సిలిండర్ ఉంటే చూడు’’ అని బతిమాలారు. ఇనుము కోసే గాలి, ఊపిరి పీల్చే గాలి ఒకే ప్లాంటు నుంచి వస్తాయని ఆ నెలలో ఊరందరికీ తెలిసింది.

తర్వాత జిల్లా ఆసుపత్రుల ఆవరణల్లో ఆక్సిజన్ ప్లాంట్లు కట్టారు. వాటిని పీఎస్ఏ ప్లాంట్లు అంటారు. ద్రవ గాలి కాదు, చలి కాదు. రెండు పొడవాటి ట్యాంకులు, వాటి నిండా జియోలైటు గింజలు. గాలిని ఒత్తిడి మీద ఒక ట్యాంకులోకి తోస్తే గింజలు నత్రజనిని పట్టుకుంటాయి, ఆక్సిజన్ ముందుకు పోతుంది. ఒత్తిడి తీసేస్తే పట్టుకున్న నత్రజనిని వదిలేస్తాయి. ఈలోగా రెండో ట్యాంకు పని చేస్తుంది. అమెరికాలో స్కార్‌స్ట్రామ్ 1960లో పేటెంటు పొందిన పద్ధతి. రసాయనం పూర్తిగా వేరు: అక్కడ బేరియం ఆక్సిజన్‌ను పట్టేది, ఇక్కడ జియోలైటు నత్రజనిని పడుతుంది; అక్కడ 700 డిగ్రీలు, ఇక్కడ మామూలు వేడి. కానీ వేడిని కదపకుండా ఒత్తిడిని మాత్రం ఎక్కించి దించడం, పట్టుకున్నదాన్ని వదిలించి మళ్లీ పట్టించడం, కవాటాలు వాటంతటవే మారడం, ఇదంతా బ్రిన్ సోదరుల గొట్టాల దగ్గర నడిచిన పనే. స్వచ్ఛత చూడండి: పీఎస్ఏ ప్లాంటుకు పెట్టిన ప్రమాణం 93 శాతం, మూడు అటూ ఇటూ. బ్రిన్ కంపెనీ అమ్మిన గాలీ ఆ చుట్టుపక్కలదే.

ఈ మధ్య ఇలాంటి చిన్న మెషిన్ ఒకటి అమ్ముదామని ఒక కుర్రాడు మా షాపుకు వచ్చాడు. ‘‘సార్, సిలిండర్ల కోసం ఎదురుచూసుడు లేదు. కరెంటు పెడితే ఆక్సిజన్ మీ షాపులోనే తయారైతది’’ అన్నాడు. ప్యూరిటీ ఎంత అని అడిగాను. ‘‘93 గ్యారంటీ సార్. ఆసుపత్రిలో మనుషులకే సరిపోతున్నది.’’ మనిషికి 93 ధారాళంగా సరిపోతుంది, పన్నెండు మిల్లీమీటర్ల ప్లేటుకు సరిపోదు అన్నాను. నమ్మలేదు. పక్కన పడి ఉన్న ట్రాలీ అడుగు ప్లేటు ముక్క చూపించి, కోత అంచు ఎలా ఉండాలో, తక్కువ ఆక్సిజన్‌తో ఎలా వస్తుందో విడమరిచి చెప్పాను. శ్రద్ధగా విన్నాడు, ఫోన్‌లో రాసుకున్నాడు కూడా. ‘‘మరి ఎవలకు అమ్మాలె సార్?’’ అన్నాడు. రాగి పైపులు బ్రేజింగ్ చేసే ఏసీ మెకానిక్కులను అడగమన్నాను. వాళ్లూ వద్దంటే చేపల చెరువుల వాళ్ల దగ్గరికి పొమ్మన్నాను. నీళ్లలోకి వదిలే ఆక్సిజన్ 93 అయినా 99 అయినా చేపకు తేడా ఏమీ లేదు.